చేతితో తిప్పితే తిరిగింది, అయినా ఆ క్రాంకు ఆ ఇంజనుది కాదు

ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లోడుతో రాయచోటికి పోతున్న లారీ ఒకటి గువ్వలచెరువు ఘాటు ఎక్కుతూ ఆగిపోయింది. లోపల క్రాంకు, అంటే పిస్టన్ల తోపును తిరుగుడుగా మార్చే బరువైన కడ్డీ, రెండు ముక్కలయింది. బండిని కడపకు లాగి తెచ్చి ఇంజను దించారు. కొత్త క్రాంకు ధర విన్న యజమాని వారం రోజులు పాత సామాను దుకాణాల చుట్టూ తిరిగి, వాడిన క్రాంకు ఒకటి సంపాదించాడు. అదే కంపెనీ, అవే ఆరు సిలిండర్లు, చూపుకు అదే ఆకారం. మెకానిక్ దాన్ని బ్లాకులో పడుకోబెట్టి, బేరింగులు బిగించి, చేతితో తిప్పాడు. ఎక్కడా పట్టకుండా నున్నగా తిరిగింది.

ఆ క్రాంకును గ్రైండింగు చేసి ఇచ్చింది నేనే. కడపలో చాలా ఏళ్లుగా నా పని అదే. మెయిన్ జర్నళ్లు కొలిచాను, పిన్నులు కొలిచాను (రెండూ బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలే), అన్నింటినీ 0.25 మిల్లీమీటర్ల అండర్ సైజుకు, అంటే అంత సన్నగా, తీసి ఇచ్చాను. స్ట్రోకు, అంటే పిస్టన్ పై కొస నుంచి కింది కొసకు కదిలే దూరం, మాత్రం కొలవలేదు. ఎవరూ అడగలేదు, నాకై నేను అనుమానించలేదు.

మూడు వారాలకు యజమాని మళ్ళీ వచ్చాడు. "అన్నా, మధ్యాహ్నం ఎండలో అయితే స్టార్ట్ అవుతుంది. తెల్లవారుజామున ఎంత తిప్పినా కాదు, తెల్లపొగ ఒకటే. ఇంజెక్టర్లు రెండుసార్లు చూపించాను, పంపు కూడా విప్పించాను. ఇంకేమి విప్పమంటావు?" అన్నాడు. హెడ్డు విప్పమన్నాను. పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, బ్లాకు పైతలం నుంచి డెప్త్ గేజీతో కొలిస్తే, ఉండవలసిన చోటికి రెండు మిల్లీమీటర్లు కిందనే ఆగి ఉంది. ఆరు పిస్టన్లదీ అదే వరస. ఆ రెండు మిల్లీమీటర్లే ఆయన సంపాదన మూడు వారాలు ఆపేశాయి. ఒకే కుటుంబానికి చెందిన రెండు ఇంజన్ల మధ్య క్రాంకు మార్చడం గురించి అప్పటి నుంచి నన్ను అడిగిన ప్రతివారికీ నిలబెట్టి చెబుతున్నదే ఇక్కడ రాస్తున్నాను.

పేరు చెప్పని కొలత

క్రాంకులో రెండు రకాల జర్నళ్లు ఉంటాయి. బ్లాకులో కూర్చుని తన నడుమ మీద తానే తిరిగేవి మెయిన్లు. కనెక్టింగ్ రాడ్లు పట్టుకునేవి పిన్నులు. మెయిన్ల నడిమి రేఖకూ పిన్ను నడిమి రేఖకూ మధ్య కొంత దూరం ఉంటుంది. పిన్ను పై నుంచి కిందికి అర చుట్టు తిరిగితే పిస్టన్ ఆ దూరానికి రెండింతలు ప్రయాణిస్తుంది. అదే స్ట్రోకు. 128 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజనులో పిన్ను మెయిన్ల నడిమి రేఖ నుంచి 64 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది.

ఇబ్బంది ఏమిటంటే, మనం ఇంజన్లను పిలిచే పేర్లలో ఈ కొలత కనిపించదు. టాటా 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం). 692 అంటే ఆరు సిలిండర్లు, 92 బోరు. స్ట్రోకు 697కు 128, 692కు 120. సంఖ్యలో చివరి అంకె ఒక్కటే మారింది కనుక తేడా బోరులోనే ఉందని చాలామంది నమ్ముతారు. టాటా 1954లో డైమ్లర్ బెంజితో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేసింది. బెంజి ఓఎం 352 ఇంజనుకూ ఇవే 97, 128. నాలుగు సిలిండర్ల 497 పేరైతే ఇంకా తికమక పెడుతుంది. 407 బండ్లలో వచ్చిన 2956 సీసీ ఇంజనుకూ 97 బోరే, 709, 909 వంటి లారీల్లో వచ్చిన 3783 సీసీ ఇంజనుకూ 97 బోరే. లెక్క వేసి చూడండి: మొదటిదాని స్ట్రోకు 100, రెండోదానిది 128. రెండింటినీ 497 అనే పిలుస్తారు. తాడిపత్రిలో బండల లోడు ఎత్తే బండి యజమాని "497 క్రాంకు కావాలి" అని ఫోను చేస్తే, ఆ మాటతో ఏ క్రాంకు పంపాలో తెలియదు. లేలాండ్ 370, 400 పేర్లలోని సంఖ్యలు మరో దారివి. అవి మొత్తం సిలిండర్ల పరిమాణాన్ని ఘనపు అంగుళాల్లో చెబుతాయి. అందులోనూ స్ట్రోకు విడిగా కనిపించదు.

అందుకే క్రాంకు వెతికేటప్పుడు పేరును పక్కన పెట్టి సీసీ అడగండి, బోరు అడగండి. ఆ రెండూ తెలిస్తే స్ట్రోకు మనమే రాబట్టవచ్చు.

బ్లాకు ఎత్తు మారదు

పిస్టన్ పైన ఎక్కడ ఆగుతుందో తేల్చేవి మూడు పొడవులు: క్రాంకులో పిన్ను దూరం, కనెక్టింగ్ రాడ్డు పొడవు, పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్ను నడుమ నుంచి పిస్టన్ తల వరకు ఉన్న ఎత్తు. మూడూ కలిపితే క్రాంకు నడుమ నుంచి బ్లాకు పైతలం వరకు ఉన్న ఎత్తుకు దాదాపు సరిపోవాలి. డీజిల్ ఇంజనులో పిస్టన్ తలకూ హెడ్డుకూ మధ్య మిగిలే సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే. బ్లాకు పోత పోసినప్పుడే దాని ఎత్తు తేలిపోయింది. కాబట్టి ఆ మూడింటిలో ఒకటి మారితే మిగతా రెండింటిలో ఏదో ఒకటి అంతే లెక్కకు మారాలి.

పొడవు స్ట్రోకు క్రాంకును పొట్టి స్ట్రోకు ఇంజనులో వేశారనుకుందాం. 120 స్థానంలో 128 వస్తే పిన్ను దూరం 60 నుంచి 64కు పెరుగుతుంది. పిస్టన్ నాలుగు మిల్లీమీటర్లు పైకి పొడుచుకు వస్తుంది, కింద కూడా నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. ఈ తప్పు దాగదు. హెడ్డు వేయకముందే కంటికి కనిపిస్తుంది. కనిపించకపోయినా, హెడ్డు వేసి తిప్పిన మొదటి చుట్టులోనే తగిలి ఆగుతుంది. నేను ఈ తప్పుకు భయపడను.

భయపెట్టేది రెండో తప్పు. పొట్టి స్ట్రోకు క్రాంకు పొడవు స్ట్రోకు ఇంజనులోకి వస్తే ఏదీ ఎక్కడా తగలదు. ఇంజను ఇంకా తేలిగ్గా తిరుగుతుంది, ఎందుకంటే గాలి సరిగా నొక్కుకోవడం లేదు. మెకానిక్ చేతికి అది మంచి గుర్తుగా తోస్తుంది. ఇక్కడ ఒక లెక్క చూపిస్తాను. 97 బోరు, 128 స్ట్రోకు ఉన్న సిలిండరులో పిస్టన్ ఊడ్చే చోటు దాదాపు 946 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి, అంటే గాలి ఎన్నో వంతుకు నొక్కుకుంటుందో ఆ లెక్క, 17 అనుకుంటే పైన మిగిలే చోటు 59 సీసీ. అందులో 120 స్ట్రోకు క్రాంకు వేసి, రాడ్డూ పిస్టనూ పాతవే ఉంచితే, పిస్టన్ నాలుగు మిల్లీమీటర్లు కిందనే ఆగుతుంది. ఆ నాలుగు మిల్లీమీటర్ల పళ్లెం పరిమాణం దాదాపు 30 సీసీ. పైన మిగిలిన చోటు 59 నుంచి 89 అవుతుంది. ఊడ్చే చోటు 887కు తగ్గుతుంది. 887కు 89 కలిపి, దాన్ని 89తో భాగిస్తే 11 వస్తుంది. 17 ఉండవలసిన చోట 11.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని నొక్కి నొక్కి 500 డిగ్రీలు దాటించి, ఆ వేడిలోకి డీజిల్ చల్లితే మండుతుంది. నిష్పత్తి 11కు పడితే, చల్లటి సిలిండరు గోడలు వేడిని లాగేసుకునే తెల్లవారుజామున, స్టార్టరు నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు, ఆ వేడి రాదు. డీజిల్ మండకుండా ఆవిరై తెల్లపొగగా వెళ్లిపోతుంది. నేను చెప్పిన లారీలో తేడా ఈ లెక్కలో సగమే, అంటే నిష్పత్తి 13 చుట్టుపక్కల ఆగి ఉంటుంది. అందుకే మా ఎండల్లో మధ్యాహ్నం స్టార్ట్ అయింది, వేకువన కాలేదు. రోగం ఇంజెక్టర్లదని ఎవరైనా అనుకుంటారు. క్రాంకు ఇప్పుడే మార్చాము కదా, అది బాగుంది కదా అన్న నమ్మకం అసలు చోటి నుంచి చూపును తప్పించింది.

అలాగని స్ట్రోకు మార్చడం అసలు చేయరాని పని అని కాదు. తయారీదారులు చేసేది అదే. కమిన్స్ 5.9 లీటర్ల ఇంజనుకు 102 బోరు, 120 స్ట్రోకు. అదే కుటుంబంలో తర్వాత వచ్చిన 6.7 లీటర్లదానికి 107, 124. 8.3 లీటర్ల ఇంజనుకూ 8.9 లీటర్లదానికీ బోరు ఒకటే, 114. స్ట్రోకు మాత్రం 135 నుంచి దాదాపు 145కు పెరిగింది. అయితే వాళ్లు క్రాంకుతో పాటు దానికి తగిన పిస్టన్, రాడ్డు గీసుకున్నారు, రాడ్డు పెద్ద తల లైనరు అడుగుకూ క్యామ్‌షాఫ్టుకూ తగలకుండా చోటు చూసుకున్నారు, పిస్టన్ అడుగు భాగానికి ఆయిలు చిమ్మే గొట్టాలను బరువు దిమ్మలకు దూరంగా జరిపారు. షెడ్డులో మనం క్రాంకు ఒక్కటే తెచ్చి వేస్తే, ఆ గీతల్లో ఒక్క గీతను మాత్రమే దొంగిలించినట్లు.

జర్నళ్ల గురించి

స్ట్రోకు సరిపోయిందనుకుందాం. తర్వాత జర్నళ్లు. వ్యాసం, వెడల్పు, ఆయిలు రంధ్రాల స్థానం చూడాలి. వ్యాసం కొలవడం అందరికీ తెలిసిన పనే కనుక అక్కడ తప్పులు తక్కువ. బేరింగుకూ జర్నల్‌కూ మధ్య సందు మోటు లెక్కన వ్యాసంలో వెయ్యో వంతు ఉంటుంది: 80 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.08, అంటే తల వెంట్రుక మందం. ఖచ్చితమైన హద్దు ఆ ఇంజను పుస్తకంలోనే చూడాలి.

తప్పులు జరిగేది మూలల్లో. జర్నల్ పక్క గోడను కలిసే చోట ఒక సన్నని వంపు ఉంటుంది. దాన్ని మేము రేడియస్ అంటాము. చూపుకు అది అలంకారంలా ఉంటుంది, నిజానికి క్రాంకు బతుకంతా అక్కడే. ఒత్తిడి ఆ మూలలో గుమికూడుతుంది, వంపు పెద్దదిగా ఉంటే పరచుకుంటుంది, పదునైన మూలగా ఉంటే ఒక గీత మీదికి వచ్చి పడుతుంది. ఆ గీతే పగులు. ఒకే కుటుంబంలో పాత ఇంజనుకు చిన్న రేడియస్, ఎక్కువ శక్తి గల కొత్త ఇంజనుకు పెద్ద రేడియస్ ఉండవచ్చు. పెద్ద రేడియస్ ఉన్న క్రాంకు మీద పాత ఇంజను బేరింగు వేస్తే బేరింగు అంచు ఆ వంపు ఎక్కి కూర్చుంటుంది. వ్యాసం సరిగ్గానే ఉంటుంది, అంచు మాత్రం కాలిపోతుంది. కొంతమంది గ్రైండరును మూల దాకా తోసి వంపును తీసేసి "ఇప్పుడు సరిపోయింది" అంటారు. దయచేసి ఆ పని చేయించకండి. బేరింగును కాపాడటానికి క్రాంకును చంపినట్లవుతుంది.

మరొకటి గట్టిదనం. కొన్ని క్రాంకుల జర్నళ్లను విద్యుత్తు చుట్టతో వేడిచేసి ఆర్పి గట్టిపరుస్తారు. ఆ గట్టి పొర కొన్ని మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, 0.25 చొప్పున రెండు మూడుసార్లు తీసినా మిగులుతుంది. కొన్నింటిని నైట్రైడింగు చేస్తారు, అంటే వేడిలో పైపొరలోకి నత్రజని ఎక్కించి గట్టిపరుస్తారు. ఆ పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్కసారి గ్రైండింగు చేస్తే దానిలో మంచి భాగం పోతుంది. రెండూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. పాత సామానులో కొన్న క్రాంకు అప్పటికే ఎన్నిసార్లు గ్రైండింగు చూసిందో, ఏ రకం గట్టిదనమో తెలుసుకోవాలంటే హార్డ్‌నెస్ పరీక్షే దారి.

పగులు పరీక్ష మాత్రం ఎవరూ వదలకూడదు. అయస్కాంతం పట్టించి ఇనుప పొడి చల్లితే పగులు ఉన్న చోట పొడి గీతలా కూడుతుంది. అది దొరకని చోట పాతవాళ్లు చేసే పని ఇంకొకటి ఉంది: క్రాంకును గొలుసుకు వేలాడదీసి చిన్న సుత్తితో తడతారు. మంచి క్రాంకు గుడిగంటలా చాలాసేపు మోగుతుంది. పగిలినది మట్టికుండ చప్పుడు చేస్తుంది. మోగినంత మాత్రాన పగులు లేదని తేలదు, మోగకపోతే మాత్రం డబ్బు ఇవ్వకుండా తిరిగి రావచ్చు.

ముందు కొస, వెనక కొస

నడుమ భాగం అంతా సరిపోయి, కొసల దగ్గర దెబ్బ తిన్న బండ్లు చాలా చూశాను. వెనక ఫ్లైవీల్ బోల్టుల సంఖ్య, వాటి వలయం కొలత, ఆయిల్ సీల్ కూర్చునే చోటి వ్యాసం, గేరుబాక్సు షాఫ్టు కొస దూరే పైలట్ బేరింగు గూడు కొలుచుకోవాలి. పాత ఇంజన్లలో తాడులాంటి సీలు, తర్వాతివాటిలో రబ్బరు పెదవి సీలు వచ్చాయి. రెండింటికీ కావలసిన నునుపు వేరు. ముందు వైపు టైమింగ్ గేరు, దాని తాళంచెవి గాడి ఎక్కడుందో చూడాలి. గాడి కొద్దిగా పక్కకు ఉన్నా డీజిల్ పంపు టైమింగు మొత్తం తప్పుతుంది. క్రాంకు ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు ఏ మెయిన్ దగ్గర ఉన్నాయో కూడా రెండు క్రాంకులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఎలక్ట్రానిక్ ఇంజన్లలో క్రాంకు వేగాన్ని చదివే సెన్సరు ఉంటుంది, దానికి పళ్ల చక్రం కావాలి. కొన్నింట్లో అది ఫ్లైవీల్ మీద, కొన్నింట్లో క్రాంకు మీదనే ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్ 4, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక రోడ్డెక్కిన లారీలకు మెకానికల్ పంపు కాలం నాటి క్రాంకు తెచ్చేముందు ఈ సంగతి చూడాలి.

అసలు మొదటి క్రాంకు ఎందుకు విరిగింది?

ఈ ప్రశ్నను ఆ లారీ విషయంలో ఎవరూ అడగలేదు. విరిగిన ముక్కలు అదృష్టవశాత్తు బండి వెనక గోనెసంచిలో ఉన్నాయి. తీసి చూశాను. పగులు ఆయిలు రంధ్రం దగ్గర మొదలై, జర్నల్ చుట్టూ ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో మెలి తిరిగి ఉంది. రేడియస్ మూల నుంచి గోడకు అడ్డంగా విరిగితే వంగి విరిగిందని అర్థం: మెయిన్లు ఒకే వరుసలో లేకపోవడమో, మూల పదునెక్కడమో కారణం. ఇలా ఏటవాలుగా విరిగితే మెలిపడి విరిగిందని అర్థం.

ఆరు సిలిండర్ల ఇంజనులో ఒక్కో చుట్టుకు మూడు తోపులు పడతాయి. ప్రతి తోపుకూ క్రాంకు కంటికి కనపడనంత మెలిపడి, మళ్ళీ విప్పుకుంటుంది. ఉక్కు కడ్డీ అయినా అది స్ప్రింగే. ప్రతి క్రాంకుకూ తనదైన ఊపు ఉంటుంది. ఇంజను వేగం ఎక్కడో ఒక చోట ఆ ఊపుతో కలిస్తే, ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్లు మెలి పెరుగుతూ పోతుంది. దాన్ని మింగడానికే ముందు కొసన డ్యాంపర్ పెడతారు. నడుమ రబ్బరుతోనో, చిక్కటి సిలికాన్ ద్రవంతోనో కట్టిన బరువైన చక్రం అది. దాన్ని ఫలానా క్రాంకు ఊపుకు సరిపడేలా తయారు చేస్తారు. బరువు దిమ్మలు వేరుగా ఉన్న, పిన్ను మందం వేరుగా ఉన్న మరో క్రాంకుకు పాత డ్యాంపర్ వేస్తే, అది తప్పు చోట మింగుతుంది, అసలు ఊపు అలాగే ఉంటుంది. బోల్టులు సరిపోయాయి కదా అని దాన్నే బిగిస్తారు. ఇంజను వెంటనే ఏమీ అనదు. నెలల తర్వాత, లోడుతో, ఏదో ఒక వేగం దగ్గర ఎక్కువసేపు నడిచినప్పుడు విరుగుతుంది.

ఆ లారీ డ్యాంపర్‌ను తెప్పించి చూస్తే రబ్బరు ఎండి బీటలు వారింది, బయటి చక్రం మీది గుర్తు లోపలి గుర్తు నుంచి జరిగిపోయి ఉంది. ఎండకూ ఇంజను వేడికీ రబ్బరు ఇలా చచ్చిపోవడం మామూలే. సరైన క్రాంకే వేసి ఉన్నా, ఆ డ్యాంపరుతో అదీ విరిగేది. ఇంజను పనిలో క్రాంకు మీద వేలు ఖర్చు పెట్టి, డ్యాంపరును తుడిచి మళ్ళీ బిగించే అలవాటు నన్ను ఎంతగానో బాధపెడుతుంది. క్రాంకు మార్చినప్పుడు దానితో వచ్చిన డ్యాంపరో, దానికి రాసిపెట్టిన కొత్తదో వేయాలి. విరిగిన క్రాంకు ముక్కలను కారణం తేలేవరకు తుక్కుకు వేయకూడదు.

మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 52 కూడా గుర్తుంచుకోవాలి. తయారీదారు చెప్పిన వివరాలు ఆర్‌సీలో రాసి ఉంటాయి, వాటిని మార్చేలా బండిని మార్చకూడదు. స్ట్రోకు మారితే సీసీ మారుతుంది. ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర అది ప్రశ్నగా నిలబడుతుంది.

స్ట్రోకు కొలవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. క్రాంకును రెండు వీ బ్లాకుల మీద మెయిన్ల దగ్గర ఆనించి, ఒక పిన్నును పూర్తిగా పైకి తిప్పి, హైట్ గేజీతో దాని పైభాగం ఎత్తు రాసుకోవాలి. అదే పిన్నును పూర్తిగా కిందికి తిప్పి, మళ్ళీ దాని పైభాగం ఎత్తే కొలవాలి. రెండింటి తేడాయే స్ట్రోకు. అయిదు నిమిషాల పని. ఇప్పుడు మా షెడ్డులో వచ్చిన ప్రతి క్రాంకుకూ గ్రైండరు చక్రం తిప్పకముందే ఆ సంఖ్యను సుద్దముక్కతో గోడ మీద రాస్తాము, బండి యజమానిని ఇంజను సీసీ అడిగి పక్కన అదీ రాస్తాము. రెండూ కలవకపోతే మిషను ఆన్ చేయము.

ఆ లారీకి చివరికి సరైన స్ట్రోకు క్రాంకు నంద్యాల వైపు ఒక బండి నుంచి రాడ్లతో, డ్యాంపరుతో సహా దొరికింది. ఈసారి మెకానిక్ హెడ్డు మూసేముందు ప్రతి పిస్టన్ తల మీద మెత్తటి సీసపు తీగ ముక్కలు పెట్టి, గ్యాస్కెట్ వేసి, హెడ్డు బిగించి, ఒక చుట్టు తిప్పి, మళ్ళీ విప్పాడు. నలిగిన తీగను మైక్రోమీటరుతో కొలిచాడు. ఆరు సిలిండర్లకూ ఆరు అంకెలు, అన్నీ పుస్తకంలోని హద్దుల లోపల. గ్యాస్కెట్ ఒకటి వృథా అయిందని యజమాని కొద్దిగా గొణిగాడు. ఆ గ్యాస్కెట్ డబ్బు నేనే ఇచ్చాను.